ఇరవయ్యా, అరవయ్యా?

(హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచి కొద్దీ సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్ళ కలయికలో, మాట స్పష్టంగా పంపడం గురించి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్ళకి నా మాట వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. సరే, బాగుంది.

సభలో మైకు ముందు నిలబడ్డ ప్రతివాళ్ళూ ఈ ప్రశ్న అడుగుతారు. అదే మనిషి ఇంటికెళ్ళి రిగ్, అంటే రేడియో సెట్టు, ముందు కూర్చుని మాట్లాడే మీట పీటీటీ నొక్కాక మాత్రం అడగడు. అడిగినా అవతలి నుంచి "ఫైవ్ నైన్, ఓఎమ్", అంటే "ఐదు, తొమ్మిది, మిత్రమా" అని వస్తుంది, అంతటితో తృప్తి పడిపోతాం. ఆ రెండంకెల్లో మొదటిది మాట ఎంత అర్థమైందో చెబుతుంది, రెండోది సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతుంది. మనం మాత్రం సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు చూసి రెండు అంకెలూ కలిపి ఇచ్చేస్తున్నాం. మర్యాద కోసం ఇచ్చే ఫైవ్ వల్ల ఎవరికీ మేలు జరగదు. ఇది నా అనుభవంతో చెబుతున్నాను.

నాకు లైసెన్సు వచ్చిన కొత్తలో ఫార్టీ మీటర్లు అనే రేడియో బ్యాండులో తుఫాను సన్నాహక అభ్యాసం పెట్టుకున్నాం. ఉత్తుత్తి సందేశాలే. నా వంతుకి వచ్చిన సందేశంలో ఒక ఊరికి ఇరవై బస్తాల బియ్యం, యాభై దుప్పట్లు పంపాలని ఉంది. నేను చదివాను. తీరప్రాంతంలో ఉన్న ఒక పెద్దాయన రాసుకుని తిరిగి చదివారు, "అరవై బస్తాలు, ఎనభై దుప్పట్లు" అని. కాదండీ అన్నాను. మళ్ళీ చదివాను. ఆయన మళ్ళీ అరవై అన్నారు. మూడోసారికి "రెండు, సున్నా" అని విడివిడిగా చెబితే గానీ కుదరలేదు. అప్పుడు ఆయన దగ్గర నా సిగ్నల్ ఎస్-నైన్ మీద ఇరవై డెసిబెల్స్! సూది కుడివైపు చివరికి పోతోంది, మాట మాత్రం అందడం లేదు. అభ్యాసం అయిపోయాక ఆయన టేప్ రికార్డర్‌లో పట్టిన నా గొంతు నాకే వినిపించారు. కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది. "బాబూ, నీ రేడియోలో పవరుంది, మాట లేదు" అన్నారు. ఆ మాటకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇరవై, అరవైగా ఎందుకు మారింది? దీని మీద కాస్త నిలబడదాం, ఎందుకంటే మిగతాదంతా ఇందులోంచే వస్తుంది. ఆ రెండు మాటలకీ తేడా మొదటి అచ్చు ఒక్కటే. "అ" అన్నప్పుడు నోటి గుహ ప్రధానంగా రెండు చోట్ల మోగుతుంది, సుమారు 700 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 1200, 1300 దగ్గర ఇంకొకటి. "ఇ" అన్నప్పుడు ఒకటి 300, 350 దగ్గర మోగితే రెండోది ఎక్కడో పైన 2200 దాటాక మోగుతుంది. అంటే "ఇ"ని "ఇ"గా గుర్తుపట్టించే సంగతి 2000 హెర్ట్జ్‌కి పైన ఉంది. మీ మైకు, దాని శబ్దాన్ని పెంచే గెయిన్, మీ ఫిల్టరు ఆ పైభాగాన్ని మింగేస్తే "ఇ" తన గుర్తింపు పోగొట్టుకుంటుంది. వెనకాల "రవై" మాత్రం గట్టిగా వినిపిస్తుంది. వినేవాడు ముందున్న అచ్చుని ఊహించుకోవాలి. యాభై, ఎనభై అంతే. డెబ్భై, తొంభై అంతే. ఆరు, నూరు చూడండి, తేడా మొదటి అక్షరం ఒక్కటే.

మన తెలుగు అజంతభాష. దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి పాటకి అంత బాగా ఒదుగుతుంది. రేడియోలో అదే మనకి కొంచెం ఇబ్బంది. గొంతులోని శక్తి ఎక్కువ భాగం అచ్చుల్లో, అదీ 500 హెర్ట్జ్‌కి అటూఇటూ ఉంటుంది. మీటరు సూదిని ఊపేది ఆ శక్తే. మాటని మాటగా విడదీసే హల్లులు, క, చ, ట, త, ప, శ, ఇవన్నీ బలహీనమైనవి, పొట్టివి, పైన ఉండేవి. "స" అయితే మరీ. దాని బలం 4000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. ఎస్‌ఎస్‌బీలో అంటే మనం మాట పంపే పద్ధతిలో, వెళ్ళేది 300 నుంచి 2700 హెర్ట్జ్ దాకా. అందుకని "స" ఎలాగూ సగం చచ్చే వెళ్తుంది, "ఫ"లా వినిపిస్తుంది. స్పెల్లింగు చెప్పేటప్పుడు S, F బదులు సియెర్రా, ఫాక్స్‌ట్రాట్ అనేది ఇలాంటి గొడవల వల్లే. కాబట్టి మన దగ్గర మిగిలిన ఆ 1500 నుంచి 2700 దాకా ఉన్న చిన్న ముక్కని ప్రాణంలా కాపాడుకోవాలి.

ఇప్పుడు రెండు రికార్డింగులు వినిపిస్తాను. రిగ్ ఒకటే, ఆంటెన్నా ఒకటే, మనిషిని నేనే. మొదటిది వినండి.

(రికార్డింగు వినిపించారు.)

ఇప్పుడు రెండోది.

(రికార్డింగు వినిపించారు.)

రెండోది పక్క గదిలో కూర్చుని మాట్లాడినట్టు ఉంది కదా. మధ్యలో నేను కొన్నది ఏమీ లేదు. మైకు దూరం మార్చాను, గెయిన్ తగ్గించాను, బేస్, ట్రెబుల్ పాళ్ళు మార్చే ఈక్వలైజర్ సర్దాను. మొత్తం పదిహేను నిమిషాల పని.

ముందు మైక్ గెయిన్ సంగతి. మనలో చాలామంది గెయిన్ పెంచితే పవర్ పెరుగుతుందనుకుంటారు. వంద వాట్ల రిగ్ వంద వాట్లే ఇస్తుంది. శిఖరాలు వందకి చేరాక ఇంకా పెంచితే ఏఎల్‌సీ రంగంలోకి దిగుతుంది. ఏఎల్‌సీ అంటే పగ్గం. ఫైనల్ ట్రాన్సిస్టర్లు మోయగలిగిన దానికన్నా ఎక్కువ డ్రైవ్ వస్తే వెనక్కి లాగడానికి పెట్టారు. అప్పుడప్పుడు లాగితే మంచిదే. పగ్గం ఎప్పుడూ బిగించే ఉంచితే ఎద్దు సాఫీగా నడవదు. అచ్చు గట్టిగా వచ్చినప్పుడు ఏఎల్‌సీ గబుక్కున గెయిన్ తగ్గిస్తుంది, తిరిగి మెల్లగా వదులుతుంది. అంటే బలమైన అచ్చు వెనకాల వచ్చే బలహీనమైన హల్లు అణిగిపోయి వెళ్తుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీలో గెయిన్ పైకి లేచి గదిలోని ఫ్యాను చప్పుడంతా బయటికి వెళ్తుంది.

అది మన మాటకి జరిగే నష్టం. పక్కవాడికి జరిగే నష్టం ఇంకోటి ఉంది. ఆంప్లిఫయర్‌ని దాని హద్దు దాటి తోస్తే, మనం పంపని స్వరాలు పుడతాయి. లేబరేటరీలో రెండు స్వరాల పరీక్ష చేస్తారు, 700, 1900 హెర్ట్జ్ స్వరాలు రెండూ ఒకేసారి మైకులోకి పంపి. 1900కి రెట్టింపు 3800, అందులోంచి 700 తీసేస్తే 3100. ఆ 3100 దగ్గర ఎవరూ పెట్టని స్వరం ఒకటి పుడుతుంది. రెండో వైపు లెక్కేస్తే 1400 లోంచి 1900 పోతే మైనస్ 500, అంటే మాటని మోసే మూల తరంగమైన క్యారియర్‌కి అవతలి పక్క ఇంకొకటి. మన ఫిల్టరు 2700 దగ్గర కోసినా లాభం లేదు, ఇవి ఫిల్టరు దాటాక పుట్టినవి. మన దేశంలో ఫార్టీ మీటర్లు అంటే 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్, మొత్తం 200 కిలోహెర్ట్జ్. ఆదివారం పొద్దున ఆ కాస్త చోటులో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. మన గెయిన్ నాబు వల్ల పక్కన గుంపుగా మాట్లాడుకునే నెట్‌లో ఎవరి మాటో పోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

పద్ధతి ఇది. ఆంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మార్చుకునే డమ్మీ లోడ్ తగిలించండి. మాటలో హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసర్ ఆపండి. మీరు రోజూ మాట్లాడే గొంతుతో, రోజూ పట్టుకునే దూరంలో మైకు పెట్టి మాట్లాడండి. "హలో టెస్ట్, హలో టెస్ట్" వద్దు, అది ఎవరి గొంతుతోనూ సహజంగా రాదు. పేపర్లో వార్త ఏదైనా చదవండి. ఏఎల్‌సీ మీటరు చూస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. గట్టి అక్షరాల మీద మాత్రమే సూది కదిలి, గీసిన గీతలో సగం దాకా వచ్చి వెనక్కి వెళ్ళాలి. అక్కడ ఆపి, ఆ అంకె రాసి పెట్టుకోండి. మైకు మారితే అంకె మారుతుంది, ఇంట్లో వేరేవాళ్ళు మాట్లాడినా మారుతుంది.

ఇక దూరం. రెండు మూడు వేళ్ళ దూరం చాలు. మైకుకి ఎదురుగా కాకుండా కొంచెం పక్కనుంచి, నోటి మూలకి పెట్టుకోండి. మనకి ఒత్తు అక్షరాలు చాలా ఉన్నాయి. ఖ, ఘ, థ, ధ, భ అన్నప్పుడు గాలి దెబ్బ నేరుగా పొరకి తగిలితే దబ్ మంటుంది. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని "భోజనం" అనండి, తెలుస్తుంది. మైకు జానెడు దూరం పోతే గొంతుకన్నా గది ఎక్కువ వినిపిస్తుంది. మన ఇళ్ళల్లో నేల గ్రానైట్, గోడలు కాంక్రీటు, పైన ఫ్యాను. మా రేడియో గదిలో రిగ్ వెనక గోడకి ఒక పాత బొంత వేలాడదీశాను, కిటికీకి మందపాటి తెర కట్టాను. ఆ బొంత చేసిన మేలు నేను కొన్న ఏ యాక్సెసరీ చెయ్యలేదు.

మైకుల గురించి రెండు మాటలు. బాబ్ హీల్ అని అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం ఆయన, రేడియోలో గుర్తింపు పేరుగా కే నైన్ ఈఐడీ కాల్‌సైన్. 1970లలో గ్రేట్‌ఫుల్ డెడ్, ద హూ లాంటి పెద్ద పెద్ద రాక్ బృందాలకి సౌండ్ చేసిన మనిషి. హ్యామ్‌ల కోసం ప్రత్యేకంగా మైక్ ఎలిమెంట్లు తయారు చేశారు. హెచ్‌సీ-4 అనేదాన్ని దూరదేశాల కాంటాక్టుల కోసం పైభాగం బాగా లేచేలా, హెచ్‌సీ-5ని తీరిగ్గా మాట్లాడుకోవడం కోసం కాస్త నిండుగా చేశారు. 2024లో ఆయన కన్నుమూశారు. వేలమంది ప్రేక్షకులకి బేస్ గుండెల్లో తగిలేలా సౌండ్ ఇచ్చిన మనిషే, రేడియో దగ్గరికి వచ్చేసరికి బేస్ కొయ్యండి, 2000 పైన లేపండి అన్నారు. మన పద్యనాటకాల పాత నటులు మైకు లేని రోజుల్లో చేసింది కూడా ఇదే కదా. చివరి వరుసలో నేల మీద కూర్చున్నవాడికి చేరాలని హల్లుని కొట్టి పలికేవారు.

కాకపోతే ఆ మైకు కొనమని నేను ఎవరికీ చెప్పను. డబ్బుకి ఇబ్బంది పడే పిల్లలు ఇక్కడ ఉన్నారు. పది, ఇరవై రూపాయల ఎలక్ట్రెట్ మైకు చిప్ప చాలా బాగా పనిచేస్తుంది. దానికి బయాస్ వోల్టేజి, అంటే పనిచెయ్యడానికి కొద్దిపాటి డీసీ కావాలి, అంతే. ఐకామ్ కంపెనీ రిగ్‌లలో మైక్ పిన్ మీదే ఆ డీసీ ఉంటుంది. అందుకే డీసీ అక్కర్లేని డైనమిక్ మైకు తెచ్చి ఐకామ్‌కి నేరుగా తగిలించకండి. మధ్యలో ఒక కెపాసిటర్ పెట్టి డీసీని ఆపండి. యాయెసు వాళ్ళ ఎంహెచ్-31 హ్యాండ్ మైకు వాడేవాళ్ళు వెనక్కి తిప్పి చూడండి, చిన్న టోన్ స్విచ్ ఉంటుంది. ఒక వైపు గొంతు బొద్దుగా, ఇంకో వైపు పలచగా వెళ్తుంది. ఏళ్ళ తరబడి వాడుతూ ఆ స్విచ్ చూడనివాళ్ళు ఉన్నారు.

ఈక్వలైజర్‌కి నేను చెప్పేది ఒకటే. ముందు తగ్గించండి, తర్వాత పెంచండి. ఐకామ్ ఐసీ-7300 రిగ్‌లో పంపే స్వరాల వెడల్పు, అంటే ట్రాన్స్‌మిట్ బ్యాండ్‌విడ్త్ మూడు రకాలు. వైడ్ అంటే 100 నుంచి 2900, మిడ్ అంటే 300 నుంచి 2700, న్యారో అంటే 500 నుంచి 2500, ఇవి కంపెనీ పెట్టి పంపే విలువలు. చాలామంది గొంతు గంభీరంగా ఉండాలని వైడ్ పెట్టి బేస్ పెంచుతారు. 100, 150 హెర్ట్జ్ దగ్గర మీ పవర్ ఎంత ఖర్చయినా వినేవాడికి ఒక్క అక్షరం కూడా అదనంగా అందదు. నా గొంతుకి మిడ్, బేస్ మైనస్ రెండు, ట్రెబుల్ ప్లస్ మూడు సరిపోయింది. సన్నటి గొంతు ఉన్నవాళ్ళకి ఇది చెవిలో గుచ్చుకుంటుంది. మా ఇంట్లోనే మా అమ్మాయి అదే రిగ్ మీద మాట్లాడితే ట్రెబుల్ సున్నాకి తెస్తాను.

కంప్రెసర్ మంచి సాధనం. మాటలో శిఖరాలు పొట్టివి, లోయలు పెద్దవి. వంద వాట్ల రిగ్‌లో మామూలు మాటకి సగటు పవర్ పావు వంతు కూడా ఉండదు. కంప్రెసర్ ఆ లోయల్ని పూడుస్తుంది. సగటు మూడు డెసిబెల్స్ పెరిగితే పవర్ రెట్టింపైనట్టు లెక్క. అందుకని శిఖరాల మీద ఆరు డెసిబెల్స్, ఒకే స్టేషన్ కోసం అందరూ ఒక్కసారి పిలిచే పైల్అప్‌లో పది, అంతకు మించి వద్దు. లోయల్లో ఫ్యాను ఉంటే ఫ్యాను కూడా పైకి లేస్తుందని గుర్తుంచుకోండి. ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే అండమాన్ దాకా వెళ్తుంది.

అండమాన్ అన్నాను కాబట్టి చెబుతాను. 2004 డిసెంబరులో మన హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్‌గారు పోర్ట్‌బ్లెయిర్‌లో వీయూ ఫోర్ ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో ఆపరేట్ చేస్తున్నారు. అండమాన్ కాంటాక్టు కోసం ప్రపంచమంతా ఎగబడుతున్న రోజులు. డిసెంబరు 26 పొద్దున భూకంపం, సునామీ. ఫోన్లు పోయాయి. ఆ మరుక్షణం నుంచి ఆ రిగ్ మీద నడిచింది డీఎక్స్, అంటే దూరదేశాల కాంటాక్టుల వేట, కాదు, మనుషుల క్షేమసమాచారం. పేర్లు, ఊళ్ళు, అంకెలు. ఒక తల్లి తన కొడుకు పేరు కోసం ఎదురు చూస్తున్నప్పుడు ఆ పేరులోని హల్లు మనం పట్టుకోలేకపోతే? నేను ఈ ఆడియో సంగతి ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం అదే.

ఆర్‌ఎఫ్ అంటే మనం పంపే రేడియో శక్తి మైకులోకి వెనక్కి వచ్చే సమస్య ఇక్కడ చాలామందికి ఉంది. ముఖ్యంగా అపార్టుమెంటు బాల్కనీలో ఒక చివర నుంచి పవర్ ఇచ్చే ఎండ్-ఫెడ్ ఆంటెన్నా తీగ కట్టినవాళ్ళకి. లక్షణం ఏమిటంటే మాట గరగరమని చీలినట్టు వెళ్తుంది, పవర్ తగ్గిస్తే బాగుపడుతుంది. కొన్నిసార్లు మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటుంది. అదే గొంతుతో డమ్మీ లోడ్‌లోకి మాట్లాడండి. అక్కడ శుభ్రంగా ఉంటే దోషం మైకుది కాదు, ఆంటెన్నా దగ్గర కోక్స్ కేబుల్ బయటి అల్లిక మీద నడుస్తున్న కరెంటుది. కేబుల్ ఆంటెన్నాకి కలిసే ఫీడ్‌పాయింట్ దగ్గర ఆ కరెంటుని ఆపే చోక్ పెట్టండి. మైకు కేబుల్‌ని 31 రకం ఫెర్రైట్ రింగులో నాలుగైదు చుట్లు తిప్పండి. నా విషయంలో ఈ దోషం వెతకడానికి రెండు నెలలు పట్టింది, పాపం మంచి మైకు ఒకటి ఊరికే విప్పి పాడుచేశాను.

కరెంటు సంగతి కూడా ఇందులోదే. వంద వాట్ల రిగ్ శిఖరాల మీద ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి తీగ పెడితే 13.8 వోల్టులు ప్రతి గట్టి అక్షరానికీ కుంగుతాయి, ఆ అక్షరం అక్కడే చిట్లుతుంది. మాట్లాడుతూ రిగ్ వెనకాల మీటరు పెట్టి చూడండి. కంప్యూటర్‌ని రిగ్‌కి కలిపినవాళ్ళకి 50 హెర్ట్జ్ హమ్, అంటే కరెంటు మూలుగు, వస్తే మధ్యలో ఆడియో తీగకి ఒకటికి ఒకటి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, పోతుంది.

(సభలో ఒక యువకుడు: సార్, నా దగ్గర బిట్‌ఎక్స్ ఒక్కటే ఉంది. అందులో ఈ మెనూలు ఏమీ లేవు.)

మంచి ప్రశ్న బాబూ. బిట్‌ఎక్స్ మన హైదరాబాద్‌లో పుట్టిన రిగ్. అశ్‌హర్ ఫర్హాన్‌గారు, వీయూ టూ ఈఎస్‌ఈ, సామాన్యుడు ఇంట్లో కట్టుకోగలిగేలా డిజైన్ చేసి సర్క్యూట్ ప్రపంచానికి ఇచ్చేశారు. అందులో ఏఎల్‌సీ లేదు, కంప్రెసర్ లేదు. పగ్గం లేని ఎద్దు కాబట్టి నువ్వే మెల్లగా తోలాలి. మైకు మరీ దగ్గర పెట్టి అరిస్తే నేరుగా క్లిప్ అవుతుంది. కానీ ఖరీదైన రిగ్‌లలో లేని ఒక అదృష్టం నీకుంది. బీఎఫ్ఓ, అంటే క్యారియర్ పుట్టించే ఆసిలేటర్, నీ చేతిలో ఉంది. క్రిస్టల్ ఫిల్టర్‌ని ఒక కొండ అనుకో. పైన చదును, రెండు పక్కలా వాలు. బీఎఫ్ఓ ఆ వాలు మీద ఎక్కడ నిలబడిందన్న దాన్ని బట్టి నీ గొంతు ఉంటుంది. చదునుకి మరీ దగ్గరైతే బేస్ ఎక్కువై క్యారియర్ కూడా కారుతుంది. మరీ దూరమైతే కింది స్వరాలు కొండెక్కలేక గొంతు రేకుడబ్బాలో మాట్లాడినట్టు పలచబడుతుంది. చదును కన్నా సుమారు ఇరవై డెసిబెల్స్ కింద నిలబెట్టు. మైక్రో బిట్‌ఎక్స్ అయితే నాబు తిప్పి సర్దుకోవచ్చు. యాభై హెర్ట్జ్ అటూఇటూ జరుపుతూ, ఇంకో స్నేహితుణ్ణి వినమను. ఆ కాస్త జరపడంలోనే తేడా తెలుస్తుంది.

(సభలో ఒకరు: వినేవాళ్ళు దొరకకపోతే?)

అందుకు ఇప్పుడు దారులున్నాయండి. రిగ్‌లో మన గొంతు మనకే వినిపించే మానిటర్ ఉంటే హెడ్‌ఫోన్‌లో వినండి. దాని పరిమితి ఏమిటంటే మన గొంతు మన పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, తీర్పు సరిగ్గా రాదు. రికార్డు చేసుకుని తర్వాత వినడం మేలు. ఇంటర్నెట్‌లో రిసీవర్లు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయంలో ఒకటి ఉంది, రాత్రిపూట ఫార్టీ మీటర్లు తెరుచుకున్నప్పుడు మన గొంతు అక్కడి నుంచి మనమే వినొచ్చు. దగ్గరలో అలాంటి రిసీవర్లే, కివీ ఎస్‌డీఆర్‌లు ఉంటాయి. కాల్‌సైన్ చెప్పి, ఒక్క నిమిషం మాట్లాడి, రికార్డు చేసుకోండి. మాట్లాడేటప్పుడు ఈ చీటీ చదవండి, అందుకోసమే రాసి తెచ్చాను, వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. "ఇరవై, అరవై, యాభై, ఎనభై, డెబ్భై, తొంభై, ఆరు, నూరు, మూడు." వరస మార్చి మార్చి చదవండి. రికార్డింగుని ఇంట్లో రేడియోతో సంబంధం లేనివాళ్ళకి వినిపించి, విన్నది రాయమనండి. మా ఇంట్లో మా అమ్మ రాస్తుంది. ఆవిడ తొమ్మిదికి తొమ్మిదీ సరిగ్గా రాసిన రోజున ఆ సెట్టింగులు కాగితం మీద రాసి రిగ్ పక్కన అంటించాను.

ఆ పక్క బల్ల మీద డమ్మీ లోడ్, రిసీవరు పెట్టి ఉంచాం. హ్యాండ్ మైకులు తెచ్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే రండి. ముందు బిట్‌ఎక్స్ తెచ్చిన బాబు రావాలి, దానికి కొంచెం ఎక్కువ టైము పడుతుంది.